పిల్లలు "ఇదంతా తెలిసిందే కదా మిస్" అంటే సైకాలజీ ఎట్లా చెప్పాలి?

మేడమ్, మీరు రాసింది మొత్తం చదివా. కూకట్‌పల్లి వైపు సీబీఎస్ఈ స్కూల్లో లెవెంత్, ట్వెల్త్‌కి సైకాలజీ చెప్పడానికి కొత్తగా చేరారు, మొదటిరోజే పిల్లలు "నా మొహం చూసి నేనేం అనుకుంటున్నానో చెప్పండి" అన్నారు, తీరా పాఠం మొదలుపెడితే "ఇదంతా తెలిసిందే కదా మిస్" అని ఆవులిస్తున్నారు. మీరు వీటిని రెండు సమస్యలు అనుకుంటున్నారు గానీ నాకైతే రెండూ ఒకటే. మనుషులు చూడగానే అర్థమైపోతారని వాళ్ళ నమ్మకం. ఆ తెలిసిపోవడం మనకి వస్తే మ్యాజిక్ అంటారు, వాళ్ళకే వస్తే కామన్‌సెన్స్ అంటారు, అంతే తేడా. ఆ నమ్మకం కాస్త కదలకముందే 1879లో లైప్‌జిగ్‌లో వుంట్ ల్యాబ్ పెట్టాడు, తర్వాత బిహేవియరిజం వచ్చింది, గెస్టాల్ట్ వచ్చింది అని వరసపెట్టి చెప్పుకుంటూ పోతే మార్కులొస్తాయేమో గానీ సబ్జెక్ట్ బుర్రకెక్కదు.

నేను ఇక్కడే సిటీలో బీఎడ్ వాళ్ళకి, డిగ్రీ వాళ్ళకి, ఇప్పుడు మీ పిల్లల వయసు వాళ్ళకి చాలా ఏళ్ళుగా చెప్తున్నా. నేను గట్టిగా పట్టుకున్న పద్ధతి ఒక్కటే, ఏ ప్రయోగం గురించి చెప్పినా రిజల్ట్ చెప్పేముందు వాళ్ళ అంచనా రాయిస్తా. నోటితో అడగను, కాగితం మీద పేరు వేసి పెన్నుతో రాయాలి. నోటితో అడిగితే ఏమయితది, ముందు బెంచీలో ఇద్దరు చెప్తారు, మిగతావాళ్ళు తలూపుతారు, రిజల్ట్ చెప్పగానే అందరూ "నేనూ అదే అనుకున్నా" అంటారు. వాళ్ళు అబద్ధం ఆడట్లేదండీ, నిజంగానే వాళ్ళకి అట్లాగే గుర్తుంటది. ఫిష్‌హాఫ్ అనే ఆయన 1975లో చూపించింది ఇదే, ఫలితం తెలిశాక అది ముందే ఊహించగలిగేదిగా కనిపిస్తది, తెలియకముందు మనమేం అనుకున్నామో కూడా సరిగ్గా గుర్తురాదు. హైండ్‌సైట్ బయాస్ అంటారు. కాగితం మీద ఉంటే తప్పించుకోలేరు.

దీన్ని మొదటి వారంలోనే సామెతలతో చేయించొచ్చు. రెండు రకాల చీటీలు ప్రింట్ తీయండి. ఒకదాని మీద "గుంపులో పనిచేస్తే ఒక్కొక్కరు పెట్టే శ్రమ తగ్గుతుందని పరిశోధనలో తేలింది, ఎందుకో రెండు లైన్లు రాయండి, ఇది మీకెంత ఆశ్చర్యంగా ఉందో పదికి మార్కు వేయండి" అని, రెండోదాని మీద అచ్చం అదే, కాకపోతే తగ్గుతుందని ఉన్నచోట పెరుగుతుందని. కలిపేసి పంచండి, పక్కవాడి చీటీ చూడొద్దని చెప్పండి. మొదటి చీటీ వచ్చినవాళ్ళు "మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని పెద్దలు ఊరికే అన్నారా" అని రాస్తారు, ఆశ్చర్యం మార్కు రెండో మూడో వేస్తారు. రెండో చీటీ వచ్చినవాళ్ళు కూడా అంతే ధీమాగా "పదిమందిలో ఉంటే పోటీ ఉంటది, కలిసి చేస్తే కలదు సుఖం" అని రాసి వాళ్ళూ రెండో మూడో వేస్తారు. అప్పుడు ఇద్దర్ని లేపి పైకి చదివించండి, క్లాసులో గోల మొదలైతది, "మిస్ వాడిది రాంగ్ చీటీ" అని. ఆ గోలలోనే అడగాలి, మరి రెండూ అంత ఈజీగా తెలిసిపోయినప్పుడు ఏది నిజమో ఎట్లా తేలుస్తారు అని.

ఆ తర్వాతే అసలు విషయం. తాడు లాగేటప్పుడు మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి బలం తగ్గుతుందని రింగెల్‌మన్ 1913లో రాశాడు, 1979లో లాటనే, విలియమ్స్, హార్కిన్స్ కలిసి చప్పట్లు, అరుపులతో చేసి చూస్తే మళ్ళీ అదే వచ్చింది. కానీ ఎవరి శ్రమ ఎంతో విడిగా కనిపించేట్టు చేస్తే ఆ బద్ధకం తగ్గిపోతది. ఇంకోవైపు, బాగా అలవాటైన పని అయితే పక్కన మనుషులున్నప్పుడు ఇంకా బాగా చేస్తామని, కొత్త పని అయితే తడబడతామని జాయోంక్ 1965లో చెప్పాడు. అంటే రెండు సామెతలూ తమతమ చోట్ల కరెక్టే, ఎప్పుడు ఏది అనేదే మనం వెతకాల్సింది. చీటీల్లో ఒకటి కావాలని తిప్పి రాశానని అదే పీరియడ్‌లో చెప్పేయండి, మర్నాటికి ఉంచొద్దు, సగం మంది తప్పు చీటీనే గుర్తుపెట్టుకుని పరీక్షలో రాస్తారు.

ఇక మొహం చూసి చెప్పమన్న పిల్లల సంగతి. వాళ్ళని అమీర్‌పేట మెట్రోకి పంపండి. నిజంగానే చెప్తున్నా. రెండు లైన్లు కలిసే స్టేషన్, మనుషులకి కొదవ లేదు. ఫోటోలు తీయొద్దు, ఎవరితో మాట్లాడొద్దు, ఎవరినీ వెంబడించొద్దు, ఒకచోట నిలబడి కాసేపు చూసింది రాసుకుని రావాలి. పేజీ మధ్యలో గీత కొట్టించండి, ఎడమవైపు "చూసింది", కుడివైపు "అనుకున్నది". మొదటిసారి అందరిదీ ఎడమవైపు కూడా అనుకున్నదే ఉంటది. ఒకబ్బాయి ఎడమవైపు ఇట్లా రాసుకొచ్చాడు, "ఒక ఆంటీ పొగరుగా ఉంది, పక్కన ఎవర్నీ కూర్చోనివ్వలేదు". పొగరు కంటికి ఎట్లా కనిపించింది నాన్నా అంటే ఆలోచించి "పక్క సీట్లో బ్యాగ్ పెట్టుకుంది సార్" అన్నాడు. ఎవరైనా వచ్చి అడిగారా అంటే లేదు. మరి కూర్చోనివ్వలేదని ఎట్లా తెలిసింది అంటే వాడే నవ్వేశాడు, కొట్టేసి "పక్క సీట్లో బ్యాగ్ ఉంది, నేను చూసినంతసేపు ఎవరూ అడగలేదు" అని రాశాడు. నా లెక్కలో రీసెర్చ్ మెథడ్స్ చాప్టర్లో సగం ఆ కొట్టివేతలోనే ఉంది. కోపంగా ఉన్నాడు అని కాదు, గొంతు పెంచాడు, ఫోన్ బల్ల మీద గట్టిగా పెట్టాడు అని రాయడం అలవాటైతే తర్వాత ట్వెల్త్‌లో కేస్ ప్రొఫైల్ (ఒక మనిషి గురించి వివరంగా రాసే ప్రాక్టికల్ పని) రాసేటప్పుడు మీ పని సగం తగ్గుతది.

మెమరీ చాప్టర్‌కి వస్తే నేను ఎక్కువ టైం ఇచ్చేది లోఫ్టస్, పామర్ ప్రయోగానికి, 1974ది. కార్లు గుద్దుకునే ఫిల్మ్ చూపించి ఎంత స్పీడ్‌లో ఉన్నాయని అడిగారు, ప్రశ్నలో క్రియ ఒక్కటే మార్చారు. "స్మాష్డ్" (గట్టిగా గుద్దేసుకున్నాయి) అనే గట్టి పదం వాడినవాళ్ళకి సగటున గంటకి 40 మైళ్ళ పైన వచ్చింది, "కాంటాక్టెడ్" (తగిలాయి) అనే అన్నిటికంటే మెత్తటి పదానికి 31.8. రెండో ప్రయోగంలో వారం తర్వాత పిలిచి అద్దాలు పగలడం చూశారా అని అడిగారు, ఫిల్మ్‌లో అసలు అద్దం పగలనే లేదు, అయినా గట్టి పదం విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, "హిట్" అనే మామూలు పదం విన్న 50 మందిలో 7గురు, స్పీడ్ గురించి అసలు అడగని 50 మందిలో 6గురు.

దీన్ని తెలుగులో చేయండి, భలే కుదురుతది. ఎవరికీ దెబ్బ తగలని చిన్న క్లిప్ ఏదైనా తీసుకోండి, బైక్ వచ్చి ఆగున్న కారుకి రాసుకునేది, అట్లాంటిది. సగం చీటీల్లో "బైక్ కారుని గుద్దేసినప్పుడు ఎంత స్పీడ్‌లో ఉంది", సగంలో "బైక్ కారుకి తగిలినప్పుడు ఎంత స్పీడ్‌లో ఉంది". సగటు కట్టే పని పిల్లలకే ఇవ్వండి, బోర్డు మీద వాళ్ళే వేయాలి. వారం ఆగి హెడ్‌లైట్ పగిలిందా అని అడగండి. ఇక్కడో మాట, ముప్పై నలభై మంది క్లాసులో ఒక్కోసారి తేడా రాదు, ఒక్కోసారి ఉల్టా కూడా వస్తది. అప్పుడు మీరు కంగారుపడి "రావాల్సింది ఇది" అని సర్దిచెప్పకండి. ఎందుకు రాలేదో వాళ్ళనే చెప్పమనండి, తక్కువ మంది కావచ్చు, వెనక బెంచీవాళ్ళకి క్లిప్ సరిగ్గా కనపడకపోయి ఉండొచ్చు, ఇద్దరు చీటీలు పోల్చుకుని ఉండొచ్చు. రిజల్ట్ రాని రోజే వాళ్ళు సైన్స్ ఎక్కువ నేర్చుకుంటారని నా అభిప్రాయం, ఒప్పుకోకపోయినా ఫర్లేదు.

ఇది అయ్యాక పోలీసు సాక్ష్యం గురించి, ఇంట్లో గొడవల గురించి వాళ్ళే మాట్లాడతారు. "అయితే మా అమ్మా నాన్నల పెళ్ళి గొడవ ఇద్దరూ వేరేవేరేగా చెప్తారు, ఇద్దరూ నిజమే చెప్తున్నారా సార్" అని ఒకమ్మాయి అడిగింది, దానికి మించిన సమ్మరీ నేను చెప్పలేను.

అటెన్షన్‌కి స్ట్రూప్ (1935) ఎలాగూ ఉంది, ఎర్ర ఇంకుతో "నీలం" అని రాసి ఇంకు రంగు చెప్పమంటే నాలిక తడబడే ప్రయోగం. మన సిటీ క్లాసులో దీనికి ఒక అడ్వాంటేజ్ ఉంది, ఒకే గదిలో తెలుగు, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ చదివేవాళ్ళు ఉంటారు. నాలుగు లిపుల్లో నాలుగు షీట్లు చేయించండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. ఉర్దూ చదవడం రానివాడు ఉర్దూ షీట్ జామ్మని చెప్పేస్తాడు, వచ్చినవాడు అక్కడే ఇరుక్కుంటాడు. తెలుగు కూడబలుక్కుని చదివే ఇంగ్లీష్ మీడియం పిల్లలు తెలుగు షీట్‌లో పెద్దగా ఇబ్బంది పడరు, ఆ సంగతి బయటపడి కాస్త సిగ్గుపడతారు కూడా. చదవడం అలవాటుగా మారిపోయాక దాన్ని ఆపడం మన చేతిలో ఉండదని ఇంతకంటే బాగా ఏ డెఫినిషనూ చెప్పదు.

అదే చాప్టర్లో పిల్లలు తప్పకుండా అంటారు, మేం రీల్స్ చూస్తూ కూడా చదవగలం, మల్టీటాస్కింగ్ అని. అప్పుడు అష్టావధానం వీడియో ఒకటి పెట్టండి. ఎనిమిది పనులు ఒకేసారి చేస్తున్నాడు కదా సార్ అంటారు. జాగ్రత్తగా చూడమనండి, అవధాని ఎవరి దగ్గరా రెండు పనులు కలిపి చేయడు, ఒక పృచ్ఛకుడికి (ప్రశ్న అడిగేవాడికి) ఒక పాదం చెప్పి, దాన్ని అక్కడ పెట్టి, ఇంకొకరి దగ్గరికి పోతాడు, మళ్ళీ తిరిగొచ్చి వదిలినచోట అందుకుంటాడు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం ఉన్నదే ఆ తాడు తెంపడానికి. అంటే అది మారడం, కలపడం కాదు. అంత ఎట్లా గుర్తుంటది అంటే దానికీ జవాబుంది, ఛందస్సు ముందే లోపల ఇంకిపోయి ఉంటది కాబట్టి పాదం మొత్తం ఆయనకి ఒక ముక్క. మనం ఒకసారికి బుర్రలో పట్టుకోగలిగేవి ఎన్ని అంటే జార్జ్ మిల్లర్ 1956లో ఏడుకి రెండు అటూ ఇటూ అన్నాడు, కోవన్ 2001లో నాలుగే అన్నాడు, ఎంతైనా సరే లెక్క ముక్కల్లో. చెస్ ప్లేయర్ల మీద ఛేజ్, సైమన్ 1973లో చూసింది కూడా ఇదే, నిజమైన ఆటలోంచి తీసిన బోర్డు అయితే మాస్టర్ గడగడా పేర్చేస్తాడు, పావులు అడ్డదిడ్డంగా పెడితే మామూలు వాడికీ ఆయనకీ తేడా దాదాపు పోతది. అవధానికి వచన కవిత్వం ఇస్తే ఏమయితదో మీ పిల్లల్ని ఊహించమనండి, నాకు కూడా ఆ జవాబు వినాలని ఉంది.

సోషల్ సైకాలజీలో ఒక్కటి మాత్రం వదలొద్దు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎవడో రెడ్‌లో దూసుకుపోతే వాడు రౌడీ, మనం పోతే ఆఫీసుకి లేటు. ఎదుటివాడి పని వెనక వాడి గుణం కనిపిస్తది, మన పని వెనక పరిస్థితి కనిపిస్తది. ఎదుటివాళ్ళ విషయంలో చేసే ఈ పొరపాటుకి 1977లో రాస్ ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్ అని పేరు పెట్టాడు. చాలామంది టీచర్లు ఇక్కడితో ఆపేస్తారు, అసలు మజా ఇక్కడే మొదలైతది. జోన్ మిల్లర్ 1984లో మైసూరు వాళ్ళనీ షికాగో వాళ్ళనీ పోల్చింది. పెద్దవాళ్ళలో అమెరికన్లు మనిషి గుణాన్ని ఎక్కువ చెప్పారు, మైసూరు వాళ్ళు పరిస్థితిని, సంబంధాల్ని ఎక్కువ చెప్పారు. చిన్నపిల్లల్లో మాత్రం అంత తేడా లేదు, వయసుతో పాటు పెరిగింది, అంటే ఇది పెరిగిన చోట నేర్చుకున్నదే. ఇది చెప్పి, 2010లో హెన్రిచ్, హైన్, నోరెంజయాన్ ఎత్తిచూపిన సంగతి చెప్పండి, సైకాలజీ పుస్తకాల్లో "మనిషి" అని ఉన్నచోట చాలావరకు అమెరికా కాలేజీ కుర్రాళ్ళే ఉన్నారని. అప్పట్నించీ పిల్లలు ప్రతి ప్రయోగానికీ "ఎవరి మీద చేశారు సార్" అని అడగడం మొదలుపెడతారు. అడగనివ్వండి.

స్టాన్‌ఫర్డ్ ప్రిజన్ (1971), అంటే కుర్రాళ్ళని ఖైదీలు, గార్డులుగా పెట్టిన ఉత్తుత్తి జైలు ప్రయోగం మీద మాత్రం పీరియడ్లు పీరియడ్లు ఖర్చు పెట్టకండి, సినిమా కథలాగా ఉంటది కాబట్టి పిల్లలకి ఇష్టం, కానీ గార్డులకి ఎట్లా ఉండాలో నిర్వాహకులే చెప్పిపెట్టారని తర్వాత బయటపడిన టేపులు, కాగితాలు చూపిస్తున్నాయి. ఆ సంగతి చెప్పి ముందుకి పోండి. లెర్నింగ్ స్టైల్స్ కూడా అంతే, ఒకడు చూస్తే నేర్చుకుంటాడు, ఒకడు వింటే నేర్చుకుంటాడు, విజువల్, ఆడిటరీ అని టెట్ కోచింగుల్లో ఇంకా బట్టీ కొట్టిస్తున్నారు, 2008లో పాష్లర్ వాళ్ళు ఉన్న స్టడీలన్నీ చూసి స్టైల్‌కి తగ్గట్టు చెప్తే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. మెదడు పది శాతమే వాడతామనేది, లెఫ్ట్ బ్రెయిన్, రైట్ బ్రెయిన్ మనుషులు అనేది కూడా ఆ లిస్టులోనే.

ఫోరర్ ప్రయోగం మాత్రం తప్పకుండా చేయండి, మన ఊర్లో దాని అవసరం చాలా ఉంది. 1949లో ఆయన తన స్టూడెంట్లు 39 మందికి పర్సనాలిటీ రిపోర్ట్ అని ఇచ్చి ఎంత కరెక్టుగా ఉందో ఐదుకి మార్కు వేయమంటే సగటు 4.26 వచ్చింది, తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. మీరు తెలుగులో రాసుకోండి, "మాట పడటం మీకు ఇష్టముండదు, కానీ మనవాళ్ళు అనుకుంటే తగ్గుతారు. మీలో ఉన్న టాలెంట్ ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. పైకి నవ్వుతూ ఉంటారు గానీ మీ బాధ ఎవరికీ అర్థం కాదు." ఆ చివరి వాక్యానికి ఈ వయసు పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నా ఆశ్చర్యం లేదు. తర్వాత కాగితాలు పక్కవాళ్ళతో మార్చుకోమనండి. వేలిముద్రలు తీసుకుని మీ పిల్లాడు ఇంజినీరా డాక్టరా చెప్తామని వేలకి వేలు గుంజే టెస్టుల గురించి అప్పుడు మాట్లాడితే వింటారు. వాటికి శాస్త్రీయమైన ఆధారం ఏమీ లేదు, తల్లిదండ్రుల మీటింగ్‌లో కూడా ఈ ముక్క చెప్పండి, ఒకరిద్దరు మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి.

మిల్‌గ్రామ్ (పైవాడు చెప్పాడని ఎదుటివాడికి కరెంటు షాకులు ఇస్తారా అని చూసిన ప్రయోగం) లాంటివి క్లాసులో చేయకండి, సరదాకి కూడా వద్దు. ఒకర్ని ఏడిపించి కాన్సెప్ట్ చెప్పడం మన పని కాదు.

ట్వెల్త్‌లో సైకలాజికల్ డిజార్డర్స్ చాప్టర్ వచ్చినప్పుడు రెండు జరుగుతాయి. ఒకటి, అందరికీ అన్నీ ఉన్నట్టు అనిపిస్తది, రీల్స్ చూసి వచ్చి "నాకు ఏడీహెచ్‌డీ సార్, వీడికి ఓసీడీ" అంటారు. దానికి మందు, లక్షణాల లిస్టు కంటే ముందు రెండు ప్రశ్నలు చెప్పడం, ఎన్నాళ్ళ నుంచి ఉంది, దానివల్ల రోజువారీ పని ఆగిపోతోందా. డిప్రెషన్ అనాలంటే డీఎస్ఎం (మానసిక జబ్బులు గుర్తుపట్టడానికి డాక్టర్లు వాడే పుస్తకం) లెక్కలో కనీసం రెండు వారాలు, రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, చెప్పిన లక్షణాల్లో ఐదైనా ఉండాలి. పరీక్ష బాలేక రెండు రోజులు దిగులుపడటం అది కాదు. ఎవరికైనా పేరు పెట్టి జబ్బు అంటగట్టడం క్లాసులో బంద్ అని మొదటిరోజే చెప్పండి, ఇంట్లోవాళ్ళని కూడా. ఇంకోటి, ఎవరో ఒకరు మన సిటీ మెంటల్ హాస్పిటల్ గుర్తొచ్చేట్టు "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి సార్" అంటారు, క్లాసంతా నవ్వుతది. తిట్టకండి. అక్కడ ఓపీలో చీటీ రాయించుకుని, డాక్టర్ని కలిసి, మందులు తీసుకుని బస్సెక్కి ఇంటికి పోయేవాళ్ళు ఎంతోమంది, అందులో ఈ క్లాసు పిల్లల ఇళ్ళవాళ్ళు కూడా ఉండొచ్చు అని మామూలు గొంతుతో చెప్పండి. నవ్వు ఎక్కడ ముందు ఆగిందో గమనించండి, కానీ ఆ పిల్లని అందరిముందు పలకరించకండి.

ఎందుకంటే సైకాలజీ చెప్పేవాళ్ళ దగ్గరికి పిల్లలు వస్తారు, మీరు పిలవకపోయినా వస్తారు. పీరియడ్ అయ్యాక బల్ల దగ్గర నిలబడి "నా ఫ్రెండ్‌కి ఒక ప్రాబ్లం సార్" అంటారు. వినండి, కానీ "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. "నీకు ప్రమాదం అనిపిస్తే మాత్రం సాయం చేయగలిగిన వాళ్ళకి చెప్తా" అని ముందే చెప్పండి. పద్దెనిమిది లోపు పిల్లల మీద లైంగిక వేధింపు అని తెలిస్తే పోక్సో చట్టం (2012) ప్రకారం పోలీసులకి చెప్పడం తప్పనిసరి, స్కూల్ పరువు అని ఎవరు సర్దిచెప్పబోయినా సరే. మనం టీచర్లం, కౌన్సెలర్లం కాదు, డిగ్రీ ఉన్నంత మాత్రాన థెరపీ మొదలుపెట్టకండి. 14416 టెలి మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) నంబర్, 1098 చైల్డ్‌లైన్ నంబర్ బోర్డు మూలన ఏడాదంతా ఉంచండి, చాప్టర్ వచ్చినప్పుడు మాత్రమే రాస్తే ఎవరికోసమో రాసినట్టు ఉంటది. టెలి మానస్ ఫ్రీ, రోజంతా ఉంటది, తెలుగులో మాట్లాడతారు.

చివర్లో సిలబస్ ఎట్లా పూర్తవుతది అని అడిగారు. చీటీలకి పది నిమిషాలు మించి పట్టదండీ. పైగా పాఠం అయ్యాక పుస్తకం మూసి గుర్తున్నది రాయించండి, రోజూ ఐదు నిమిషాలు. రోడిగర్, కార్పికీ 2006లో చూసింది ఇదే, ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు, వారం తర్వాత అడిగితే చూడకుండా రాసినవాళ్ళు మెరుగు. దీన్ని కూడా ముందు వాళ్ళతో అంచనా రాయించే చేయించండి. ప్రాక్టికల్‌కి 30 మార్కులు ఉన్నాయి కదా, లెవెంత్ ప్రయోగాలకి స్ట్రూప్ షీట్లు, గుద్దడం తగలడం చీటీలు సరిపోతాయి, వాళ్ళ సొంత డేటా ఉంటది కాబట్టి వైవాలో పక్క సెక్షన్ రికార్డు కాపీ కొట్టినవాడు ఎవడో రెండు ప్రశ్నల్లో తెలిసిపోతది. ట్వెల్త్ కేస్ ప్రొఫైల్‌కి సొంత ఇంట్లోవాళ్ళని తీసుకోవద్దనండి, పేరు మార్చి రాయాలని, ఆ మనిషిని అడిగే రాయాలని చెప్పండి. స్ట్రూప్ షీట్లు కలర్ ప్రింట్ తీయకండి, దండగ, పిల్లలే స్కెచ్ పెన్లతో రాసుకుంటారు.